బిల్లు కట్టని సామ్రాజ్యాలు

2014 జనవరి 27న ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష కంప్యూటర్ ఆటలో, బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలంలో యుద్ధం మొదలైంది. 21 గంటలు సాగింది. మొత్తం మీద 7,500 మందికి పైగా పైలట్లు పాల్గొన్నారు. సర్వర్ ఆ తాకిడి తట్టుకోలేక ఆట గడియారాన్ని పదో వంతు వేగానికి తగ్గించేసింది. ఒక ఫిరంగి పేలడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. అది ముగిసేసరికి టైటాన్లని పిలిచే అతి పెద్ద ఓడలు 75 తునాతునకలయ్యాయి. ఒక్కో టైటాన్ వెనక ఎంతోమంది ఆటగాళ్ళ నెలల కష్టం ఉంటుంది. మొత్తం నష్టం 3 లక్షల డాలర్లకు పైనేనని లెక్క తేల్చారు. అప్పటి మారకంలో 2 కోట్ల రూపాయలకు కాస్త తక్కువ.

ఇంత గొడవా దేనికి జరిగిందంటే, ఒక బిల్లు కట్టలేదు.

నిజమే. ఒక మండలం మాది అని చెప్పుకోవాలంటే అప్పట్లో క్రమం తప్పకుండా ఆటకు కప్పం లాంటిది చెల్లించాల్సి వచ్చేది. ఆ మండలం ఒక పెద్ద కూటమికి సైనిక స్థావరం. ఓడలూ సామానూ అన్నీ అక్కడే. బిల్లు దానంతటదే చెల్లిపోతుందనుకున్నారు, చెల్లలేదు. హక్కు పోయింది. అవతలి కూటమి వాళ్ళకు కబురందేసరికి ఆ చోటు ఎవరిదీ కాకుండా పడి ఉంది. వచ్చి జెండా పాతారు. మిగతాదంతా ఆ తర్వాత కథ.

ఈవ్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ ఆ డాలర్ల దగ్గరే ఆగిపోతాయి. నా కళ్ళు మాత్రం ఆ బిల్లు మీదే ఉంటాయి. పగలంతా ఒక చిన్న సంస్థలో జీఎస్టీ రిటర్నులూ బ్యాంకు లెక్కలూ సరిచూసే మనిషిని కాబట్టి కావచ్చు. కానీ ఈ ఆట చరిత్ర చదివిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఇక్కడ సామ్రాజ్యాలను నిలబెట్టేదీ కూల్చేదీ పద్దులు రాసేవాళ్ళే. సేనాపతుల పేర్లు అందరికీ తెలుస్తాయి, పద్దులు రాసేవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ అనే కంపెనీ దీన్ని 2003 మేలో మొదలుపెట్టింది. మిగతా ఆటల్లో లాగా వందల సర్వర్లు, వందల ప్రపంచాలు ఉండవు. ఏ దేశం వాడైనా దాదాపు అందరూ ఒకే విశ్వంలో ఉంటారు, అందులో 7 వేలకు పైగా నక్షత్ర మండలాలు. (చైనాకు మాత్రం వేరే సర్వర్.) ఓడలు దాదాపు అన్నీ ఆటగాళ్ళు తవ్విన ఖనిజంతో ఆటగాళ్ళే తయారుచేస్తారు, ఆటగాళ్ళే అమ్ముతారు. పేలిన ఓడ పోయినట్టే, మళ్ళీ రాదు. అందుకే అక్కడ గిరాకీ ఎప్పుడూ చావదు. యుద్ధం ఉంటే గనుల వాడికి పండగ. డబ్బు పేరు ఇస్క్. ఐస్‌లాండ్ వాళ్ళ అసలు కరెన్సీకి బ్యాంకుల్లో వాడే పొట్టి పేరు కూడా అదే. 2008లో ఆ దేశపు బ్యాంకులు కుప్పకూలి అసలు ఇస్క్ విలువ పడిపోయినప్పుడు ఆట ఇస్కే నయమని జోకులు పేలాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఆటలో మోసం నేరం కాదు. జిటా అనే మండలం అతి పెద్ద సంత. అక్కడ నాలుగో గ్రహం, నాలుగో చంద్రుడి దగ్గరి స్టేషన్లో రోజంతా బేరాలు సాగుతూనే ఉంటాయి. ఇదే సంత కావాలని కంపెనీ నిర్ణయించలేదు, జనమే అలా చేరిపోయారు. అక్కడి చాట్ ఒక్క నిమిషం చూస్తే చాలు. నాకు వంద పంపితే రెండొందలు తిరిగిస్తానని ఒకడు. ఆట మానేస్తున్నా, ఉన్నదంతా పంచేస్తున్నా అని ఇంకొకడు. అరుదైన ఓడ సగం ధరకే అని ఒప్పంద పత్రం పెట్టి, లోపల అదే పేరుకు దగ్గరగా ఉన్న పనికిరాని సామాను ఇరికించేవాడు మరొకడు. ఫిర్యాదు చేస్తే కంపెనీ పట్టించుకోదు. చూసుకుని కొనాల్సింది అంటుంది.

దీన్ని చూపించి చాలామంది ఒక మాట అంటుంటారు. చట్టం తీసేస్తే మనిషి ఎలాంటివాడో చూడండి, ఒకర్నొకరు పీక్కు తింటారు, అని. నేను ఒప్పుకోను. మోసం చేయొచ్చని రాసి ఉన్న చోట కూడా వేలమంది రోజూ ఒకరికొకరు సరుకు అప్పగిస్తున్నారు, ఖజానా తాళాలు చేతిలో పెడుతున్నారు, ఎప్పుడూ ముఖం చూడని మనిషి మాట మీద అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నారు. దొంగలు ఉండటంలో వింతేముంది? ఇంత నమ్మకం పుట్టుకు రావడమే వింత.

ఆ నమ్మకం దెబ్బతిన్న చోట్లు కూడా చూద్దాం. 2009లో ఈబ్యాంక్ అని ఒకటి ఉండేది, ఆటగాళ్ళే నడుపుకునే బ్యాంకు. డిపాజిట్లు, వడ్డీలు, అప్పులు అన్నీ ఉండేవి. దాని పెద్ద 200 బిలియన్ల ఇస్క్ తీసుకుని ఉడాయించాడు. ఊళ్ళో చీటీలు వేసిన మనిషి రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి పోయినట్టే. తెల్లారేసరికి డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి జనం ఎగబడ్డారు. అతను ఆ డబ్బును చాటుగా అసలు డబ్బుకు అమ్మి, ఇంటి అడ్వాన్సుకూ కొడుకు వైద్యానికీ వాడుకున్నాడని వార్తలు వచ్చాయి. కంపెనీ అతన్ని ఆట నుంచి వెళ్ళగొట్టింది. ఎందుకో చూడండి. బ్యాంకు దోచినందుకు మాత్రం కాదు, అది ఆటలో భాగమే. ఇస్క్‌ను బయట అమ్మినందుకు. ప్రజల సొమ్ము పోతే పట్టని రాజ్యానికి తన టంకశాల హక్కు జోలికొచ్చేసరికి ఎక్కడలేని కోపం వచ్చింది.

ఇందాకటి డాలర్ల లెక్క కూడా ఇక్కడే అర్థమవుతుంది. ప్లెక్స్ అని ఒక వస్తువును కంపెనీ అసలు డబ్బుకు అమ్ముతుంది. కొన్నవాడు దాన్ని ఆటలోని సంతలో ఇస్క్‌కు అమ్ముకోవచ్చు. ఇస్క్ బాగా ఉన్నవాడు అది కొని తన నెల చందా కట్టేసుకోవచ్చు. ఇస్క్‌ను డాలర్లలో కొలిచేది ఆ రేటుతోనే. కానీ డాలరు లోపలికి పోవడమే గానీ బయటికి రావడం ఉండదు. టైటాన్ పేల్చినవాడి జేబులోకి ఒక్క రూపాయీ రాలేదు. మా మేనమామ నన్ను అడిగే ఒకే ఒక్క ప్రశ్న "దాని మీద ఎంతొస్తుందిరా?" ఏమీ రాదు మామయ్యా, పోతుంది, అంటే నమ్మడు. రమ్మీలో పోగొట్టుకుంటున్నానని ఇంట్లో వాళ్ళతో అన్నాడట.

సరే, సామ్రాజ్యాల సంగతికి వద్దాం. 2007 ప్రాంతంలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే కూటమికి తిరుగు లేదు. అనుభవజ్ఞులు, ఖరీదైన ఓడలు, క్రమశిక్షణ. కొత్తవాళ్ళంటే చిన్నచూపు. వాళ్ళ మీదికి వచ్చింది గూన్‌స్వార్మ్. సమ్‌థింగ్ ఆఫుల్ అనే ఇంటర్నెట్ హాస్య బృందం నుంచి వచ్చిపడ్డ గుంపు. చాలామందికి ఆట సరిగ్గా రాదు, డబ్బు లేదు. చవక ఓడలేసుకుని వందల్లో మీదపడి చచ్చేవాళ్ళు. మళ్ళీ ఇంకో చవక ఓడతో వచ్చేవాళ్ళు. ఆ గుంపు అల్లరి గురించి, బూతుల గురించి చాలా రాశారు. నాకు నచ్చనివీ అందులో బోలెడు ఉన్నాయి. కానీ ఆ తరహా కూటములు ఒక ఏర్పాటును బాగా నమ్ముకున్నాయి. కూటమి కోసం పోరాడుతూ నీ ఓడ పోతే, ఆ ఓడ ఖరీదు కూటమి ఇస్తుంది. ఓడ భర్తీ పథకం అనొచ్చు, వాళ్ళ భాషలో ఎస్ఆర్‌పీ.

ఇది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ సైన్యం మొత్తం దీని మీదే నడుస్తుంది. ఈ వారం ఓడ పోగొట్టుకున్నవాడు చేతి డబ్బుతో కొనుక్కోవాలంటే, వచ్చే వారం పిలుపు వచ్చినప్పుడు నిద్రొస్తోందంటాడు. ఓడ ఖరీదు తిరిగొస్తుందని తెలిస్తే మొదటి వరసలో ఉంటాడు.

కొన్నాళ్ళు ఒక చిన్న కార్ప్‌లో, అంటే ఆటగాళ్ళ సంఘంలో, ఆ పని నేనే చూశాను. యుద్ధాలన్నీ యూరప్, అమెరికా వాళ్ళకు వీలైన వేళల్లో జరుగుతాయి కాబట్టి మనకు తెల్లవారుజాము మూడింటికి. ఆ వేళకు నేను లేవలేను. సాయంత్రం నాలుగున్నరకు, మన టైం ప్రకారం, సర్వర్ రోజూ ఆపి మళ్ళీ తెరుస్తారు. ఆఫీసు నుంచి వచ్చి, అది తెరుచుకున్నాక ఉన్న ప్రశాంతతలో షీట్ ముందు కూర్చునేవాణ్ణి. వరసలు ఇలా ఉండేవి: తేదీ, ఫ్లీట్ (ఓడల దండు) నడిపిందెవరు, పైలట్ పేరు, ఓడ పోయినట్టు ఆట ఇచ్చే కిల్‌మెయిల్ లింకు, ఓడ రకం, అడిగిన మొత్తం, ఇచ్చిన మొత్తం. లింకు తెరిచి ఓడలో ఏయే సామాన్లు బిగించాడో చూడాలి. కార్ప్ చెప్పిన పద్ధతిలో బిగిస్తే పూర్తి సొమ్ము. ఇష్టమొచ్చినట్టు బిగిస్తే సగం. ఫ్లీట్ లేకుండా ఒంటరిగా తిరిగి పోగొట్టుకుంటే ఏమీ లేదు.

విశాఖ కుర్రాడు ఒకడుండేవాడు. "అన్నా, ఫామ్ నింపా, చూశావా?" అని మెసేజ్. లింకు తెరిస్తే ఓడ సరిగ్గానే ఉంది గానీ సరుకు గదిలో అతను సొంతంగా అమ్ముకోవడానికి తెచ్చుకున్న సరుకుంది. దాని ఖరీదు కూడా కలిపి అడిగాడు. ఓడకు ఇచ్చాను, సరుకుకు ఇవ్వలేదు. "అన్నా, మనోళ్ళే కదన్నా" అన్నాడు. మనోళ్ళకు ఒకసారి ఇస్తే ఆ షీట్‌ను ఎవరూ నమ్మరు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో ఫ్లీట్‌కు అందరికంటే ముందు వచ్చాడు.

సరే, బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ ఎలా పడిపోయిందంటే, 2009 ఫిబ్రవరిలో దాని డైరెక్టర్లలో ఒకడు అవతలి పక్షానికి ఫిరాయించాడు. అతని ఖాతాకు కూటమిని రద్దు చేసే అధికారం ఉంది. బటన్ నొక్కాడు. ఏళ్ళ తరబడి ఎవరూ ఓడించలేని కూటమి మాయమైంది, దానితో పాటే మండలాల మీద హక్కులూ పోయాయి. ఆ పేరును సైతం గూన్‌స్వార్మ్ వాళ్ళే నమోదు చేసుకుని, పాతవాళ్ళు మళ్ళీ పెట్టుకోకుండా చేశారు. ఒక్క సంతకంతో చెక్కు చెల్లే ఏర్పాటు ఉన్న ఏ సంస్థలోనైనా ఆడిటర్ మొదట రాసే అభ్యంతరం ఇదే.

గెలిచినవాళ్ళకు బుద్ధొచ్చిందా అంటే అదీ లేదు. ఏడాది తిరిగేసరికి, 2010 మొదట్లో, గూన్‌స్వార్మ్ తమ హక్కు బిల్లులు సరిగ్గా చెల్లించక డెల్వ్ ప్రాంతంలో చాలా భాగం పోగొట్టుకుంది. ఆ వెంటనే వాళ్ళ అధినేతే ఖజానా ఊడ్చి కూటమిని చెదరగొట్టాడు. మిగిలినవాళ్ళు వేరే పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. బీ-ఆర్5ఆర్‌బీకి నాలుగేళ్ళ ముందే అదే బిల్లు, అదే మరపు. శత్రువు ఓడలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకునేవాళ్ళు సొంత వాలెట్‌లో ఎంతుందో చూసుకోరెందుకో.

రెండోసారి లేచిన ఆ కూటమి మాత్రం ఇల్లు చక్కబెట్టుకుంది. అందులో సేనాపతులకన్నా నాకు గొప్పగా అనిపించేది వాళ్ళ రాయబారి. ఆటలో వైల్ ర్యాట్ అన్న పేరుతో ఉండేవాడు. అసలు పేరు షాన్ స్మిత్, అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. ఎవరితో పొత్తు, ఎవరితో ఊరికే మాట్లాడుతూ ఉండటం, ఎవరి మనసులో ఏముంది, అన్నీ అతని చేతుల మీదుగా నడిచేవి. 2012 సెప్టెంబర్ 11న లిబియాలోని బెంఘాజీలో అమెరికా కార్యాలయం మీద జరిగిన దాడిలో చనిపోయాడు. ఆ వార్త తెలిసిన రోజుల్లో ఆటలో వేర్వేరు పక్షాల వాళ్ళు, నిన్నటి దాకా కొట్టుకున్నవాళ్ళు సైతం, తమ స్టేషన్లకు అతని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడి దాకా చెప్పింది కింది రాజ్యాల సంగతి. పై రాజ్యం ఒకటుంది, అది కంపెనీ. దాని అధికారం ఎంతో చెప్పడానికి 2012 నాటి ఓటెక్ కథ చాలు. టెక్నీషియం అనే ఖనిజం మంచి ఓడలన్నిటికీ కావాలి, దొరికేది విశ్వంలో ఒక మూల ఉన్న కొన్ని చంద్రుల మీదే. ఆ చంద్రులున్న కూటములు చమురు దేశాల ఒపెక్ లాగా కలిసి ఓటెక్ పెట్టుకుని ధర తమ చేతిలో ఉంచుకున్నాయి. గనుల్లో చెమటోడ్చే పనే లేదు, చంద్రుడి మీద యంత్రం పెడితే సొమ్ము రాలుతూ ఉంటుంది. ఆ కార్టెల్‌ను ఏ సైన్యమూ పగలగొట్టలేదు. ఆ ఏడాదే కంపెనీ ఒక అప్‌డేట్‌లో, టెక్నీషియంతో చేసే పదార్థాన్ని ఇంకో చవక ఖనిజంతో చేసుకునే దారి పెట్టింది. మరుసటి ఏడాది చంద్రుల మీద నిల్వలనే తిరగరాసింది. 2017లో అయితే ఊరికే సొమ్ము రాలే పద్ధతే ఎత్తేసి, చంద్రుణ్ణి పగలగొట్టి మనుషులు తవ్వుకోవాల్సిందే అంది. ఏ దేశపు ఆర్థిక మంత్రికీ భూగర్భాన్నే మార్చేసే వీలుండదు.

ఆ మార్పుల్లో చాలావరకు మంచివేనని నా అభిప్రాయం. కూర్చుని తినే కూటమి పెద్దల సొమ్ము తవ్వేవాడి చేతికి వచ్చింది. సీసీపీ 2007లోనే ఎయోల్ఫుర్ గుడ్‌మున్‌సన్ అనే ఆర్థికవేత్తను ఉద్యోగంలో పెట్టుకుంది. తర్వాతి కాలంలో నెలనెలా ఆర్థిక నివేదిక కూడా వేస్తోంది. ఎంత ఇస్క్ పుట్టింది, పన్నుల్లోనూ ఫీజుల్లోనూ ఎంత పోయింది, ఏ ప్రాంతంలో ఎంత తవ్వారు, ఎంత పేల్చారు, అన్నీ అంకెలతో. మన మునిసిపాలిటీ ఇంత శుభ్రంగా లెక్క చూపిస్తే నేను పన్ను ముందే కట్టేస్తాను.

లెక్కలు చూపించడం వేరు, లెక్క అప్పజెప్పడం వేరు. రెండోది కంపెనీ చేతికి రాలేదు. 2007లో ఒక ఉద్యోగే చాటుగా, ఆటలో వస్తువులు తయారుచేసుకోవడానికి కావాల్సిన విలువైన నమూనా పత్రాలు తన పక్షానికి, అదే బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌కు, చేరవేశాడని బయటపడింది. జనం భగ్గుమన్నారు. దాని ఫలితంగా 2008లో ఆటగాళ్ళు ఎన్నుకునే మండలి వచ్చింది, సీఎస్ఎం అంటారు. సభ్యుల్ని రేక్యవిక్ పిలిపించి మాట్లాడతారు, రాబోయే మార్పులు ముందుగా చూపిస్తారు. బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకుంటారు. మండలికి వీటో లేదు. ఓటు మనిషికి కాదు, ఖాతాకు. నాలుగు ఖాతాలకు చందా కట్టేవాడికి నాలుగు ఓట్లు. పెద్ద కూటముల వాళ్ళు ఎవరికి వేయాలో జాబితా పంచి ఏటా తమవాళ్ళను గెలిపించుకుంటారు. 2019లో ఒక సభ్యుడు రహస్యాలు బయటపెట్టాడని అందరి ముందూ చెప్పి నిషేధించారు. తర్వాత విచారించి తప్పు లేదని తేల్చి నిషేధం ఎత్తేశారు. ముందు శిక్ష, తర్వాత విచారణ. మధ్యలో పోయిన పరువుకు ఆ విశ్వంలో కోర్టు లేదు.

కంపెనీ నిజంగా తలవంచింది ఒక్కసారి, 2011లో. ఆ జూన్‌లో ఆటలోని బొమ్మ మనిషి కంటికి పెట్టుకునే ఒంటి కళ్ళజోడును 60 డాలర్ల పైన ధరకు అమ్మకానికి పెట్టారు. అదే సమయంలో కంపెనీ లోపలి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. దురాశ మంచిదేనా అని దాని శీర్షిక. ఆటగాళ్ళు జిటాలో గుమిగూడి అక్కడి స్మారక చిహ్నం మీద రోజుల తరబడి కాల్పులు జరిపారు. ఆ రాయికి ఏమీ కాదని వాళ్ళకూ తెలుసు. కంపెనీ మండలిని అప్పటికప్పుడు పిలిపించింది. అక్టోబర్‌లో సీఈఓ హిల్మర్ పేటర్సన్ క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు. అదే నెలలో 20 శాతం ఉద్యోగుల్ని తీసేశారు. కాల్పులకే దిగొచ్చారని చాలామంది రాస్తారు. చందా ఆపేసినవాళ్ళకే దిగొచ్చారని నా లెక్క. ఈ రాజ్యంలో పౌరుడి దగ్గరున్న అసలు హక్కు వెళ్ళిపోవడం ఒక్కటే. పదేళ్ళు కట్టుకున్నదంతా వదిలేసి వెళ్ళాలి కాబట్టి దాన్ని వాడేవాళ్ళు తక్కువ.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్‌జీని 117 ఇతర యాప్‌లతో కలిపి నిషేధించినప్పుడు మా వీధి కుర్రాళ్ళు తుపాకీ రంగులకు తగలేసిన డబ్బుకు రసీదు అడిగే చోటే లేకపోయింది. మరుసటి ఏడాది బీజీఎంఐ పేరుతో వచ్చినప్పుడు పాత ఖాతాలు మార్చుకోనిచ్చారు. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఈ మధ్యలో టెలిగ్రామ్‌లో ఐడీలు అమ్మేవాళ్ళ సందడి చూడాలి. ఐడీ నీది కాదు, దాన్ని అమ్మే హక్కు నీకు లేదని నిబంధనల్లో ఉంది. అది చదివినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. వస్తువు నీదే అన్నట్టు అమ్ముతారు, గొడవొస్తే వాడుకోనిచ్చాం అంతే అంటారు.

ఇంతకన్నా మెరుగైన పద్ధతి లేదా అంటే, ఉంది. బ్రిటన్ కంపెనీ జాగెక్స్ తన రన్‌స్కేప్ అనే ఆటలో స్వేచ్ఛా వ్యాపారాన్ని 2008 మొదట్లో ఎత్తేసింది, ఆట బంగారాన్ని చాటుగా అసలు డబ్బుకు అమ్మేవాళ్ళను ఆపడానికి. దొంగల సంగతేమో గానీ మామూలు ఆటగాళ్ళు స్నేహితుడికి ఓ కత్తి ఇచ్చుకోలేని పరిస్థితి వచ్చింది. చివరికి ఓటు పెట్టారు, 10 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, 2011 ఫిబ్రవరిలో వ్యాపారం తిరిగొచ్చింది. 2013లో పాత ఆటను విడిగా తెరిచినప్పుడు ఇంకో అడుగు వేశారు. కొత్త సంగతి ఏది చేర్చాలన్నా ఆటగాళ్ళ ఓటుకు పెట్టాలి, 75 శాతం ఒప్పుకోవాలి. తర్వాత దాన్ని 70కి దించారు. ఆ అడ్డు వల్ల కొన్ని మంచి మార్పులు ఆగిపోయాయి, నిజమే. ఉన్నవాళ్ళు తమకున్నది తగ్గే దేనికీ ఓటేయరు. ఓటెక్ లాంటిది అక్కడ పుట్టి ఉంటే ఓటుతో పగిలేదా అన్నది నాకు అనుమానమే. అయినా కంపెనీ ఇష్టం, ఆటగాళ్ళ ఓటు, ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఓటునే ఎంచుకుంటాను, ఒక్క షరతుతో. నాలుగు ఖాతాలున్నా మనిషికి ఒకే ఓటు ఉండాలి.